చేతులు కడుక్కోవడానికి వెళ్ళినవాడు

సంచి అడుగున ముందు తుండుగుడ్డ పరిచింది మల్లేశ్వరి. దాని మీద రెండు జతల బట్టలు, పక్కన మందుల డబ్బా, కారప్పూస పొట్లం, మంచినీళ్ళ సీసా. అన్నీ సర్దాక బీరువా తెరిచి నీలం గళ్ళ చొక్కా ఒకటి తీసింది. ఉన్న మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టి, అన్నిటికన్నా పైన ఉంచి జిప్పు లాగింది.

మంచం మీద కూర్చుని మేజోళ్ళు తొడుక్కుంటున్న అంకమ్మరావు అది చూశాడు.

"హైదరాబాదేగా మల్లీ. ఎల్లుండికల్లా ఇంట్లో ఉంటా," అన్నాడు.

"నేనేమన్నానండీ?"

"ఏమన్లేదులే. చొక్కా బరువెంత. ఉండనీ."

ఆ ఇంట్లోంచి ఎవరు ఊరు దాటినా సంచిలో ఒక చొక్కా ఎక్కువ వెళ్తుంది. మల్లేశ్వరి తమ్ముడు శ్రీకృష్ణ ఏ బస్టాండులోనో, ఏ రైల్వే ప్లాట్‌ఫారం మీదో ఎదురుపడితే, ఒంటి మీద సరైన బట్ట లేకుండా ఉంటే, ఇవ్వడానికి. ఆమె పెళ్ళయిన కొత్తలో అది పంతొమ్మిదేళ్ళ కుర్రాడి చొక్కా. తర్వాత తర్వాత తమ్ముడు ఒళ్ళు చేసి ఉంటాడని సైజు పెంచుతూ వచ్చింది. పాతబడితే కొత్తది, కానీ ఎప్పుడూ నీలం గళ్ళే. కాశీకి వెళ్ళింది ఆ చొక్కా, తిరుపతికి వెళ్ళింది, కూతురి పురుడుకి బెంగుళూరు వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ మడత నలగకుండా తిరిగొచ్చింది.

ఈ హైదరాబాదు ప్రయాణం ఎందుకు పడిందో పోయినవారం చదివినవాళ్ళకు తెలుసు. చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. 'గూఢచారి గవరయ్య' అనే పాత సినిమాను శుభ్రం చేసి బ్లూరే డిస్కుగా తెస్తున్నామని హైదరాబాదు కంపెనీ ఒకటి ప్రకటించింది. పొగాకు ఆకులు ఏరుకునే గవరయ్య అనే అమాయకుణ్ణి పోలీసులు పొరపాటున గూఢచారి అనుకుని శత్రువుల మీదికి పంపిస్తే ఏమవుతుందన్నది కథ. ఆ సినిమా అంటే ప్రాణం పెట్టే పెద్దవాళ్ళు మార్టూరు చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్ళకో సంఘం, సంఘానికో వాట్సాప్ గ్రూపు, రెండింటికీ అంకమ్మరావే అధ్యక్షుడు. డిస్కు కబురు రాగానే పండగ చేసుకుని కోరికలు పంపారు. అట్ట మీద చేత్తో గీసిన పాత పోస్టరు బొమ్మే ఉండాలని ఒకాయన. శబ్దం పాతది పాతదిగానే ఉంచండి, కొత్త డప్పులు కలపొద్దని ఇంకొకాయన. మొహాలు మైదాపిండి పూసినట్టు నున్నగా చెయ్యొద్దని మరొకాయన. అంకమ్మరావు స్నేహితుడు జక్రయ్య అయితే ఇంటర్వెల్లో వేసే ఎరువుల కొట్టు స్లైడు కూడా పెట్టమన్నాడు. స్లైడు తప్ప అన్నిటికీ కంపెనీ సరేనంది. ఆ సంతోషంలో ఉండగా అసలు కబురు తెలిసింది. సినిమా సరైన వరసలో వస్తుందట.

గ్రూపు భగ్గుమంది. ఆ డిస్కు విడుదల సభలోనే లేచి నిలబడి అడిగేద్దామని అంకమ్మరావూ జక్రయ్యా బయల్దేరుతున్నారు.

సరైన వరసలో పదకొండో రీలు తర్వాత పన్నెండో రీలు వస్తుంది. ఇందులో గొడవేముందని మీరడగొచ్చు. డెబ్భై ఎనిమిదిలో ఆ సినిమా ఈ పల్లెలకి ఒకే ప్రింటు మీద వచ్చింది. పక్కూరి టెంటు హాల్లో ఆడిన రీళ్ళు ఆడినట్టే సైకిలు మీద మార్టూరు టెంటుకి వచ్చేవి. ఒక రోజు దారిలో వాన పట్టుకుని, డబ్బాల మీద సుద్దముక్కతో వేసిన అంకెలు చెరిగిపోయాయి. ఆపరేటరు చేతికందిన డబ్బా ముందు ఎక్కించాడు. పన్నెండోది ముందు పడింది, పదకొండోది తర్వాత.

పన్నెండో రీల్లో గవరయ్య సావాసగాడు బుడంకాయ్ ఉన్నాడే, వాడు గవరయ్య కోటూ టోపీ తగిలించుకుని, శత్రువులు తన వెంట పడేలా రైలెక్కుతాడు. "సాయంత్రానికి పునుగులు వేయించి ఉంచు, వచ్చేస్తా," అని గవరయ్యకి చెప్తాడు. రైలు మలుపు తిరుగుతుంది. పేలుడు వినపడుతుంది. వాగులో వాడి గొడుగొక్కటే కొట్టుకొస్తుంది. పదకొండో రీల్లో అదే బుడంకాయ్ పునుగుల బండి దగ్గర కూర్చుని గవరయ్య ప్లేట్లోవి కూడా లాక్కుని తింటూ ఉంటాడు. తీసినవాళ్ళ లెక్కలో అది రైలెక్కడానికి ముందు సంగతి. మార్టూరు టెంటులో మాత్రం చచ్చిపోయినవాడు వచ్చి పునుగులు తిన్నాడు. హాలంతా ఈలలు. మర్నాడు జనం బుడంకాయ్ తిరిగొచ్చే ఆట కావాలని గేటు దగ్గర నిలబడ్డారు. హాలాయన కాదంటాడా. ఆ ప్రింటు అదే వరసలో పర్చూరు వెళ్ళింది, చీరాల వెళ్ళింది, ఒంగోలు కూడా వెళ్ళింది.

పదమూడో రీల్లో కొంచెం చిక్కు వచ్చేది. అక్కడ గవరయ్య రెండు ప్లేట్ల ముందు ఒక్కడే కూర్చుని ఉంటాడు. బుడంకాయ్ ఇక కనపడడు. దానికీ జనమే దారి కనిపెట్టారు. వాడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడన్నారు. ఇన్నేళ్ళుగా ఈ ప్రాంతంలో బుడంకాయ్ చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు.

ఆ మాట మొదట అన్నవాళ్ళలో శ్రీకృష్ణ ఒకడు. టెంటులో నేల మీద అక్క పక్కన కూర్చుని గట్టిగా అన్నాడు. కొన్ని నెలల తర్వాత పత్తి లారీ ఎక్కుతూ, సంచి సర్దిచ్చిన అక్కతో, "సాయంత్రానికి పునుగులు వేయించి ఉంచవే," అన్నాడు. లారీ కోయంబత్తూరు మిల్లుకి వెళ్ళింది. సరుకు దించాక ఊరు చూసొస్తానని వెళ్ళాడని డ్రైవరు చెప్పాడు. అంతవరకే తెలుసు. వెతికారు, పేపర్లో వేయించారు, పోలీసులకు చెప్పారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతిని పూర్తి వాక్యంగా అనలేదు. మల్లేశ్వరి అసలే అనలేదు. రైలు పేలిపోయినా బుడంకాయ్ వచ్చాడు. ఎలా వచ్చాడో ఎవరికీ చెప్పలేదు, అయినా వచ్చాడు. ఆమెకి ఆ ధైర్యం చాలింది.

ఇప్పుడు ఈ డిస్కు వచ్చి వాడు రాలేదని చెప్తుంది. ఇంటింటా, టీవీలో, బొమ్మ స్పష్టంగా. నాలుగు రోజులుగా ఆమెకి ముద్ద దిగకపోవడానికి కారణం అదే. అంకమ్మరావు హైదరాబాదులో లేచి నిలబడి అరవాలనుకుంటున్నదీ అందుకే. గ్రూపులో వాళ్ళకి అది తెలియదు. ఆయనకి సినిమా మీద అభిమానం ఎక్కువనుకుంటున్నారు.

వాకిట్లో కారు ఆగింది. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, గాలి ఇటే కొడుతోంది. కారు దిగిన అమ్మాయి గేటు తీసేలోపే వరసగా తుమ్ములు మొదలుపెట్టింది. అప్పుడే సంచి భుజాన వేసుకుని వస్తున్న జక్రయ్య ఆమెని పైనుంచి కిందికి చూశాడు.

"ఎవరు కావాలమ్మాయ్?"

"అంకమ్మరావుగారండీ." ఇంకో తుమ్ము. "నా పేరు శ్రీరమ్య. డిస్కు కంపెనీ నుంచి వచ్చానండి."

"ఓహో. అయితే ఇంకాసేపు తుమ్ము తల్లీ. ఈ కాయలు కూడా మా సంఘంలో సభ్యులే."

మల్లేశ్వరి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ పిల్లకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చేతిలో సంచి, సంచిలో డిస్కు ప్లేయరు, మెడలో కెమెరా. సభలో గొడవ పడటం కన్నా ముందే వచ్చి మాట్లాడదామని పొద్దున్నే బయల్దేరానంది. పాడైన రీళ్ళని తుడిచి, గీతలు చెరిపి బాగుచేసే పని తనదేనట. ఏడాదిగా గవరయ్య మొహమే చూస్తున్నానంది.

"ఏడాది చూసి ఏం నేర్చుకున్నావ్?" అన్నాడు అంకమ్మరావు. బనీనుతో, మేజోళ్ళతో అలాగే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "వాడి సావాసగాణ్ణి చంపడమా?"

"నేను చంపలేదండీ. తీసినాయన అలా తీశారు. నెగెటివు మీద అంకెలున్నాయి. మేం వాటి ప్రకారమే..."

"తీసినాయన ఒకసారి తీశాడు. మేం వందలసార్లు చూశాం. ఎవరిది సినిమా?"

"అంకుల్, మీరన్నది నాకర్థమవుతోంది. కానీ డిస్కు మీ ఒక్క ఊరికే కాదుగా. మిగతా రాష్ట్రమంతా ఆ సినిమా చూసి ఏడ్చింది."

"ఏడవనీ," అన్నాడు జక్రయ్య. "వాళ్ళకి వాన పళ్ళేదు, వాళ్ళ ఖర్మ. మాకు వాన పడింది."

శ్రీరమ్యకి నవ్వొచ్చింది గానీ దిగమింగింది. "ఒక్కసారి సరైన వరసలో చూడండి. చూశాక ఎన్ని తిట్లైనా తిట్టండి. ఇక్కడే కూర్చుని పడతా."

"అక్కర్లేదు," అన్నాడు అంకమ్మరావు. గొంతు మారింది. "మా ఇంట్లో అది వెయ్యడానికి వీల్లేదు. చెప్పాల్సింది అక్కడికే వచ్చి చెప్తాం. ఒరేయ్ జక్రీ, పద."

జక్రయ్యకి ఆ కోపం వింతగా తోచింది. స్నేహితుడి మొహంలోకి చూశాడు. ఆయన చూపు గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య మీద ఉంది.

మల్లేశ్వరి చేతిలో ఖాళీ గ్లాసు ఉంది. దాన్ని కిటికీలో పెట్టి వచ్చింది.

"వెయ్యమ్మాయ్," అంది. "చూద్దాం."

"వద్దు మల్లీ."

"మీరు అక్కడికెళ్ళి అరిచినా అది మారదు కదండీ. వెయ్యనివ్వండి. ఇంకొకళ్ళింట్లో, నలుగురి మధ్య ఎదురయ్యేకన్నా నా ఇంట్లో చూస్తాను."

అంకమ్మరావు లేచి తన కుర్చీ ఆమెకిచ్చి మంచం మీద కూర్చున్నాడు.

శ్రీరమ్య ప్లేయరు టీవీకి తగిలించి పదకొండో రీలు దగ్గర మొదలుపెట్టింది. బొమ్మ రాగానే జక్రయ్య, "వార్నీ, గవరయ్య చొక్కాకి గుండీ ఊడిందిరా. ఇన్నాళ్ళూ కనపళ్ళేదు," అన్నాడు. బుడంకాయ్ పునుగులు లాక్కుని తిన్నాడు. అంతా తెలిసిన చోటే అయినా వాళ్ళు నవ్వారు. కాసేపు ఇల్లు తేలికపడింది. ఆ వెంటనే రైల్వే స్టేషను వచ్చింది.

మల్లేశ్వరి చీర చెంగు వేలికి చుట్టుకుంది. బుడంకాయ్ కోటు తొడుక్కున్నాడు. చేతులు పొడవై వేళ్ళు కనపడటం లేదు. పునుగుల మాట చెప్పాడు. రైలు కదిలింది. ఆమె రైలు వైపు చూడలేదు, కిటికీలోంచి ఊగుతున్న వాడి చెయ్యి వైపు చూసింది. పేలుడు. గొడుగు. ఇక్కడ టెంటులో అయితే ఈలలకి సిద్ధమయ్యేవాళ్ళు. ఇప్పుడు పునుగుల బండి రాలేదు, అది ముందే అయిపోయింది కదా.

పదమూడో రీలు వచ్చింది. సాయంత్రం. గవరయ్య బండి దగ్గర కూర్చున్నాడు. ముందు రెండు ప్లేట్లు.

ఈ చోట ఆమె ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఎవరూ చూడలేదు. బుడంకాయ్ వచ్చాడన్న సంబరంలో హాలంతా గోలగా ఉండేది, చేతులు కడుక్కోవడానికి వెళ్ళినవాడి కోసం తెర పక్కలకి చూసేవాళ్ళు. ఇప్పుడు గోల లేదు. గవరయ్య రోడ్డు వైపు చూస్తున్నాడు. బండివాడు దీపం వెలిగించాడు. గవరయ్య ఇంకా చూస్తున్నాడు. పునుగుల మీద ఈగ వాలితే తోలాడు, తన ప్లేటు మీద కాదు, రెండో ప్లేటు మీద. తర్వాత తన పునుగు ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ప్లేటు ఖాళీ చేశాడు. రెండో ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆగి, అందులోవి కూడా తిన్నాడు. ఒక్కొక్కటీ, చివరిదాకా. మూతి తుడుచుకుని, రెండు ప్లేట్లూ ఒకదానిలో ఒకటి పెట్టి బండివాడికి ఇచ్చి, టోపీ సర్దుకుని లేచాడు. ఆ తర్వాత శత్రువు ఇంట్లోకి పొగగొట్టంలోంచి దిగుతూ ఇరుక్కుపోయాడు. నవ్వొచ్చే చోటే అది.

మల్లేశ్వరి నవ్వింది.

అంకమ్మరావు ఉలిక్కిపడి చూశాడు. ఆమె ఏడుస్తుందని, పడిపోతుందని, ఏమైనా అవుతుందని ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఆమె కళ్ళు తడిగానే ఉన్నాయి గానీ నవ్వుతోంది. గవరయ్య కాళ్ళు పొగగొట్టంలోంచి ఆడుతుంటే నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"తిన్నాడండీ," అంది.

"ఎవరు?"

"గవరయ్య. చూశాడు, చూశాడు, తిన్నాడు. రెండోదీ తిన్నాడు. తిని లేచాడు. మనకెవరికీ కనపళ్ళేదు చూశారా."

జక్రయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే వాడు చేతులు కడుక్కోడానికి వెళ్ళలా," అన్నాడు మెల్లగా.

"వెళ్ళలేదన్నయ్యా," అంది మల్లేశ్వరి.

శ్రీరమ్య రిమోటు పట్టుకుని ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. ఏదో జరిగిందని తెలిసింది, ఏమిటో తెలియలేదు. తిట్లకి తయారై వచ్చిన పిల్ల అది. ఎవరూ తిట్టకపోయేసరికి దాచుకున్న మాట తనే బయటపెట్టింది.

"అసలు నేను చెప్పాల్సింది ఇంకోటుందండీ. పొద్దున్న బయల్దేరేముందే మా వాళ్ళు ఒప్పుకున్నారు. మీ వరస కూడా డిస్కులో పెడతాం. రిమోటులో ఏది నొక్కితే అది. 'మార్టూరు వరస' అని పేరు. కాకపోతే అదెలా వచ్చిందో మీలో ఒకరు కెమెరా ముందు చెప్పాలి. లేకపోతే కొన్నవాళ్ళు మేం తప్పుగా అతికించామని డిస్కు వెనక్కి పంపిస్తారు."

"మరి ఇందాకట్నించీ ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు అంకమ్మరావు. "వచ్చీరాగానే చెబితే నేనిన్ని మాటలనేవాణ్ణా?"

"చెప్పనిచ్చారా మీరు?"

జక్రయ్య సంచి భుజం మీంచి దించి నేల మీద పెట్టాడు. "రెండూ ఉంటాయంటే ఇంకేం కావాల్రా. నాకు టికెట్టూ మిగిలింది, రైల్లో నీ గురకా తప్పింది. అమ్మాయ్, ఆ ఎరువుల కొట్టు స్లైడు సంగతి కూడా..."

"లేదండీ."

"సర్లే."

ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. మల్లేశ్వరి లోపలికి వెళ్ళి సంచి జిప్పు తీసింది. పైనున్న చొక్కా తీసి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. బీరువా దాకా వెళ్ళి తలుపు మీద చెయ్యి వేసింది. తెరవలేదు. వెనక్కి తిరిగి ముందు గదిలోకి వచ్చింది.

"ఏమండీ, ఫొటో తీస్తారట. ఆ బనీనుతో కూర్చుంటారా ఏంటి. ఇది తొడుక్కోండి."

అంకమ్మరావు చొక్కా చూశాడు, భార్యని చూశాడు. ఇన్నేళ్ళూ ఆయన మోసిన చొక్కా అది. ఎన్నో సత్రాల్లో కొక్కేనికి తగిలించి, తగిలించినట్టే వెనక్కి తెచ్చాడు.

"మల్లీ, ఇది మన..."

"తొడుక్కోండి."

తొడుక్కున్నాడు. భుజాల దగ్గర, పొట్ట దగ్గర, చేతుల పొడవు, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. తమ్ముడు ఇప్పటికి ఇంత అయి ఉంటాడు, ఇంత అయి ఉంటాడు అని ఆమె కొలత పెంచుతూ పోయింది ఎవరిని చూసో ఆయనకి అప్పుడర్థమైంది. గుండీలు పెట్టుకోవడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది.

"కొత్త పెళ్ళికొడుకులా ఉన్నావ్‌రా," అన్నాడు జక్రయ్య. "గళ్ళు కొంచెం ఎక్కువయ్యాయంతే."

శ్రీరమ్య కెమెరా బిగించి కుర్చీ కిటికీ దగ్గరికి జరిపింది. అంకమ్మరావు వెళ్ళి అందులో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. శ్రీరమ్య తల అడ్డంగా ఊపింది.

"ముందు ఆంటీ చెప్తే బాగుంటుందండీ. మీరు తర్వాత."

"నేనా?" అంది మల్లేశ్వరి. "నాకేం తెలుసమ్మా మాట్లాడటం."

"చూసింది చెప్పండి చాలు. ఈ వరస గురించి మాకు రాసినవాళ్ళంతా మగవాళ్ళే." వైరు సర్దుకుంటూ మాటల్లో మాటగా అంది. "అంతా మీ చుట్టుపక్కలవాళ్ళే అనుకున్నాం. కోయంబత్తూరు పక్కన తిరుప్పూరు నుంచి కూడా ఒకాయన రాశారు, ఇంగ్లీషులో. చేతులు కడుక్కునే సంగతి కూడా రాశారు. అంత దూరంలో ఆయనకెలా తెలిసిందో మరి."

అంకమ్మరావు కుర్చీలోంచి లేవబోతూ సగంలో ఆగిపోయాడు. ఆయనా జక్రయ్యా మల్లేశ్వరి వైపు చూశారు.

ఆమె వింది. నిన్నటి మల్లేశ్వరి అయితే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, పేరేంటి, వయసెంత, ఫోను నంబరుందా అని అడిగేది. సంచి సర్దమనేది. ఆ మాట ఈ రోజు కూడా నోటిదాకా వచ్చింది. అడుగుతుంది. అడక్కుండా ఎలా ఉంటుంది. కానీ ఇన్నాళ్ళూ అనని మాట ఒకటి ముందు అనాలి. అది అన్నాక ఏ కబురు వచ్చినా వినగలదు. ఆమె వెళ్ళి భర్తని లేపి ఆ కుర్చీలో కూర్చుని చెంగు భుజం చుట్టూ కప్పుకుంది.

కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

"చెప్పండి ఆంటీ," అంది శ్రీరమ్య. "ఈ సినిమా మొదటిసారి ఎవరితో చూశారు?"

"మా తమ్ముడు శ్రీకృష్ణతో చూశానమ్మా. డెబ్భై తొమ్మిది ఫిబ్రవరిలో పత్తి లారీ ఎక్కి కోయంబత్తూరు వెళ్ళాడు. తిరిగి రాలేదు."